మూడో రోజు బిడ్డ: నిద్రపోతున్నాడా, నీరసించాడా? మీరు ఎలా పోల్చుకుంటున్నారు?

చంపావతి గట్టు (ఆశా కార్యకర్త, గజపతినగరం వైపు) · సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను ఆశాగా చేరి ఎక్కువ కాలం కాలేదు. శిక్షణలో చెప్పిన ప్రమాద చిహ్నాలను అర్ధరాత్రి లేపి అడిగినా అప్పజెప్పగలను. పాలు తాగకపోవడం, ఒళ్లు వేడెక్కడం, చల్లబడటం, ఊపిరి వేగం, డొక్కలు ఎగరడం, ఫిట్స్, బొడ్డు దగ్గర చీము, కామెర్లు. చిక్కంతా బాలింత గది గుమ్మం దాటాక మొదలవుతుంది.

కిటికీ మూసి ఉంటుంది. బిడ్డను పాత చీర ముక్కల్లో ముక్కు మాత్రమే కనిపించేలా చుట్టి ఉంచుతారు. "ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు, లేపకమ్మా" అంటుంది నాయనమ్మ. మూడు రోజుల పిల్లలకు నిద్ర కాక వేరే పనేముంది? అది హాయిగా పడుకున్న బిడ్డా, లేవలేని బిడ్డా అన్నది నేను ఎలా తేల్చుకోవాలి? గుడ్డలు విప్పమంటే గాలి సోకుతుందంటారు. బిడ్డను ఏడిపించి పోయిందన్న పేరు వస్తే ఏడో రోజు నన్ను అరుగు మీదే కూర్చోబెట్టి పంపేస్తారు.

ప్రస్తుతం మా ఊళ్లో పిల్లలంతా బాగానే ఉన్నారు. అనుభవం ఉన్నవాళ్లు ఎలా చేస్తున్నారో తెలుసుకుందామనే అడుగుతున్నాను.

పాత నర్సమ్మ (ఏఎన్ఎంగా పదవీ విరమణ, టెక్కలి) · సోమవారం రాత్రి 9.48

తల్లీ, చిహ్నాలు నీకు వచ్చు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నది ఎవరూ చెప్పినట్టు లేదు. కిటుకంతా ఆ వరుసలోనే ఉంది.

వెళ్లగానే సంచి తెరవకు. సబ్బుతో చేతులు కడుక్కుని బాలింత పక్కన కూర్చో. రక్తస్రావం ఎలా ఉంది, అన్నం తిన్నావా, రొమ్ములు గట్టిపడ్డాయా అని ఆమెను అడుగుతూ కళ్లు మాత్రం బిడ్డ మీద పెట్టు. ఊపిరి లెక్కకు నిద్రపోయే బిడ్డను మించినవాడు లేడు. తాకితే ఏడుస్తాడు, ఏడిస్తే ఆ లెక్క దండగ. కాబట్టి నాయనమ్మ "లేపకు" అన్నప్పుడు "లేపనమ్మా, అలాగే పడుకోనీయండి, పొట్ట మీద గుడ్డ కాస్త పక్కకు జరిపితే చాలు" అను. ఆమె మాట నెగ్గుతుంది, నీ పనీ జరుగుతుంది.

నిమిషం నిండా లెక్కపెట్టు. అర నిమిషం చూసి రెండుతో హెచ్చవేసేవాళ్లను చాలామందిని చూశాను, అది పనికిరాదు. పసివాళ్ల ఊపిరి సమంగా నడవదు. గబగబా కొన్ని తీసుకుంటారు, కొన్ని క్షణాలు ఆగుతారు, మళ్లీ మొదలుపెడతారు. లెక్క 60కి చేరినా దాటినా కాసేపు ఆగి మరోసారి పెట్టు. రెండోసారీ అంతే ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు. లెక్కపెడుతూనే పక్కటెముకల కింద చూడు. కాస్త లోపలికి పోవడం ఈ వయసులో మామూలే. పీల్చినప్పుడల్లా లోతుగా గుంట పడుతుంటే మామూలు కాదు. ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపించినా అంతే.

ఆ తర్వాత చంకలో థర్మామీటరు. అది కూత పెట్టేలోగా నీ అరచేతి వెనుక భాగంతో అరికాలూ పొట్టా తాకి చూడు. రెండూ వెచ్చగా ఉంటే సరే. కాళ్లు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలికి ఓర్చుకుంటున్నాడని అర్థం, వెంటనే తల్లి గుండెలకు ఆనించాలి. రెండూ చల్లగా ఉంటే ప్రమాదంలో ఉన్నట్టే.

ఇక నీ అసలు ప్రశ్న. "పాలు తాగాడా?" అని అడగకు. తాగాడనే చెబుతారు, అబద్ధమాడాలని కాదు, రొమ్ము నోటికి అందించడమే తాగించడం అనుకుంటారు. "నా ఎదురుగా ఒక్కసారి పట్టించు తల్లీ, పట్టు సరిగ్గా ఉందో లేదో చూస్తాను" అను. అరికాలి మీద వేలితో రెండు మూడుసార్లు తట్టు. బాగున్న బిడ్డ కాలు లాక్కుంటాడు, ముఖం చిట్లిస్తాడు, నోరు తెరిచి వెతుక్కుంటాడు, దొరికాక గుటకలు వేస్తాడు. బాగాలేని బిడ్డ తట్టినంతసేపు కదిలి ఆపగానే వాలిపోతాడు. కడుపు నిండి పడుకున్నవాడు కూడా తాగనని మొండికేయవచ్చు, కానీ వాడి చేతులూ కాళ్లూ బిగువుగా, మడిచి ఉంటాయి. రెండోవాడి చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా జారిపోతుంది.

బరువు చివర్లో తూచు. సంచిలో వేలాడదీయగానే ఎవడైనా ఏడుస్తాడు. గట్టిగా ఏడ్చాడా, అదీ మంచి కబురే.

వంశధార వాణి (ఆశా, హిరమండలం) · సోమవారం రాత్రి 10.05

పదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను నర్సమ్మ గారూ. వరుసను ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. మేము నింపే సందర్శన కాగితంలో ఉన్న వరుస ప్రకారం పోతే ముందు బరువు తూచి, ఏడిపించి, తర్వాత ఊపిరి లెక్కపెట్టాల్సి వస్తోంది.

బొబ్బిలి వీణ · సోమవారం రాత్రి 10.20

ఒక సందేహం. ఇప్పుడు పురుళ్లన్నీ ఆసుపత్రిలోనే కదా. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 96 శాతం పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయని ఉంది. డాక్టరు చూసి పంపిన బిడ్డను ఆశా మళ్లీ చూడటంలో ప్రయోజనం ఏమిటి?

పిల్లల వైద్యుడు (విజయనగరం) · మంగళవారం ఉదయం 6.30

బొబ్బిలి వారి ప్రశ్నతో మొదలుపెడతాను. మామూలు కాన్పు అయితే తల్లీబిడ్డలు 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలని నియమం. అంటే వాళ్లు ఇంటికి చేరేది మూడో రోజు. నెల లోపు పోయే పిల్లల్లో నలుగురిలో ముగ్గురు మొదటి వారంలోనే పోతారు. ఆసుపత్రి గుమ్మం దాటినప్పుడు బాగున్న బిడ్డకు దారిలో చలి తగిలి, ఇంటికొచ్చాక పాలు కుదరక, సూక్ష్మజీవులు ఒంట్లో చేరి, ఆ వారంలో మిగిలిన నాలుగు రోజుల్లోనే ముంచుకొస్తుంది. ఆ సమయంలో ఆ ఇంట్లో అడుగుపెట్టే ఆరోగ్య సిబ్బంది ఆశా ఒక్కరే.

2011లో దేశమంతటా మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణలో సందర్శనలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పెట్టింది ఇందుకే. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. సిజేరియన్ అయితే తల్లి ఇంటికొచ్చేసరికే వారం గడుస్తుంది కాబట్టి 7వ రోజు నుంచి లెక్క.

ఇక ఏ చిహ్నాన్ని నమ్మాలి? దీని మీద ఇండియాతో సహా ఆరు దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2008లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. బోలెడు లక్షణాలను వడపోసి చివరికి ఏడు మిగిల్చారు: పాలు తాగడం కష్టమైందని తల్లి చెప్పడం, ఫిట్స్, తట్టితే తప్ప కదలకపోవడం, ఊపిరి నిమిషానికి 60 లేదా అంతకు మించి ఉండటం, డొక్కలు లోతుగా ఎగరడం, ఒంటి వేడి 37.5 సెల్సియస్ లేదా ఎక్కువ, లేదంటే 35.5 కంటే తక్కువ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పంపాలి. రెండు మూడు కలిసే దాకా ఆగకూడదు.

మీ థర్మామీటర్లు చాలావరకు ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి కాబట్టి అదీ రాస్తున్నాను. 97.7 నుంచి 99.5 మధ్య ఉంటే మామూలు. 95.9 కన్నా తగ్గితే ప్రమాదం. చాలామంది తల్లులు, కొంతమంది వైద్యులు కూడా "జ్వరం లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు" అనుకుంటారు. పెద్దవాళ్ల విషయంలో చాలావరకు సరే. రోజుల బిడ్డకు ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు కాలడానికి బదులు చల్లబడటం మామూలుగా చూస్తాం, నెలలు నిండని పిల్లల్లో మరీను. చల్లగా, నిశ్శబ్దంగా, "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్న బిడ్డను చూస్తే నాకు గుబులు పుడుతుంది.

చంపావతి గట్టు · మంగళవారం ఉదయం 7.15

డాక్టర్ గారూ, ఒక్కటి ఉన్నా పంపాలన్నారు. పంపాక అక్కడ "ఏమీ లేదు, తీసుకుపోండి" అంటే? పోయిన నెల మా పక్క ఊరి ఆశాకు అదే జరిగింది. ఆసుపత్రి పేరు రాయను. "ప్రతి తుమ్ముకూ పట్టుకొస్తారా" అని అందరి ముందూ కసిరారట. ఆ ఇంటివాళ్లకు ఆటో ఖర్చు, కూలి పోయింది. ఇప్పుడు ఆమె ఎవరినైనా పంపడానికి జంకుతోంది.

పిల్లల వైద్యుడు (విజయనగరం) · మంగళవారం ఉదయం 7.40

అదే అధ్యయనం లెక్కలు చెబుతాను. మొదటి వారంలో ఆ ఏడు చిహ్నాలతో చూస్తే, నిజంగా ఆసుపత్రిలో చేర్చాల్సిన నూరు మందిలో 85 మంది దొరుకుతారు. చేర్చనవసరం లేని నూరు మందిలో దాదాపు 25 మంది కూడా ఆ వలలో పడతారు. అంటే పంపినవాళ్లలో కొందరు "ఏమీ లేదు" అనిపించుకుని తిరిగి రావడం ఆ పద్ధతిలోనే ఉంది. అది ఆశా లోపం కాదు. అనవసరంగా ఎవరినీ పంపకూడదని ఆ వల కన్నాలు పెద్దవి చేస్తే జారిపోయేది ఆ 85 మందిలోని పిల్లలే.

కసిరిన డాక్టరుకు ఇది తెలియదంటే ఆశ్చర్యంగా ఉంది. తెలిసీ కసిరితే ఇంకా ఘోరం.

పాత నర్సమ్మ · మంగళవారం ఉదయం 8.02

డాక్టరు గారు మర్యాదగా చెప్పారు, నేను ఇంకొంచెం సూటిగా చెబుతాను. మేము తిట్లు తినకుండా ఉండటానికి కనిపెట్టిన ఉపాయం ఒకటే: నోటితో చెప్పి పంపొద్దు, అంకెలు రాసి పంపు. "బిడ్డ బాగోలేడు" అని చీటీ రాస్తే కసురుతారు. "ఉదయం 10.20, ఊపిరి 68, మళ్లీ చూస్తే 66, చంకలో 95.4, రెండుసార్లు పట్టించినా తాగలేదు" అని రాస్తే, ఆ చీటీ ముందు పెట్టుకుని వెనక్కి పంపడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసి దగ్గర ఉంచుకో.

ఆటో ఖర్చు ఎందుకయింది? 108 ఉంది, జననీ శిశు సురక్ష కింద నెల లోపు పిల్లలకే కాదు, ఇప్పుడు ఏడాది లోపు జబ్బు పిల్లలందరికీ ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, రానుపోను బండి ఉచితం. ఇది ఇంటివాళ్లకు ముందే చెప్పకపోతే వాళ్లు మొదట డబ్బు కోసం వెతుకుతారు. గంటలు అక్కడే పోతాయి.

రాజాం సాఫ్ట్‌వేర్ · మంగళవారం ఉదయం 9.30

నిమిషానికి ఎన్ని ఊపిర్లో మనిషి లెక్కపెట్టడం ఏమిటండీ ఈ రోజుల్లో? వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం వందల రూపాయల్లో దొరుకుతోంది. ఆశాలందరికీ ఒకటి ఇస్తే పోతుంది కదా. ఫోనులో ఒక యాప్ పెడితే అదే చెబుతుంది బిడ్డ బాగున్నాడో లేదో.

పిల్లల వైద్యుడు (విజయనగరం) · మంగళవారం మధ్యాహ్నం 1.50

ఆక్సిజన్ కొలవడం మంచిదే, వద్దని ఎవరూ అనరు. కానీ మీరు చెప్పే పరికరం పెద్దవాళ్ల వేలికి చేసింది. పసిబిడ్డ పాదానికో అరచేతికో చుట్టే సెన్సర్ వేరు, దాని ధర వేరు. కాళ్లు చల్లగా ఉన్న బిడ్డకు అది సరిగ్గా అందుకోదు కూడా. పైగా రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉండి ఇన్ఫెక్షన్ ముదురుతున్న పిల్లలు ఉంటారు, అంకె చూసి ధీమా పడే ప్రమాదం ఉంది.

మనుషుల కళ్లను తక్కువ అంచనా వేయకండి. మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో, పెద్దగా చదువుకోని ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. ఊపిరి లెక్క, ఒంటి వేడి, బరువు, పాలు చూడటం, అవసరమైతే ఇంటి దగ్గరే ఇంజెక్షన్. 1999లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల్లో మూడో ఏడాదికి నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. ఇన్ఫెక్షన్ సోకిన పిల్లల్లో నూటికి 16, 17 మంది పోయేవాళ్లు, అది మూడుకు లోపు వచ్చింది. మన ఆశాలు ఇవాళ చేస్తున్న పనికి పునాది అదే.

రాజాం సాఫ్ట్‌వేర్ · మంగళవారం మధ్యాహ్నం 2.15

సరే, ఆక్సిజన్ పరికరం మాట వెనక్కి తీసుకుంటున్నాను. యాప్ మాట మాత్రం తీసుకోను. ఎప్పుడైనా మాట్లాడదాం.

నాగావళి అమ్మమ్మ (శ్రీకాకుళం) · మంగళవారం సాయంత్రం 4.40

మనవరాలు ఫోనులో చదివి వినిపించింది, నేను చెబుతుంటే అదే టైపు చేస్తోంది. మీరంతా అత్తల మీదా నాయనమ్మల మీదా నేరం మోపుతున్నట్టుంది. మేము ఐదుగురిని, ఆరుగురిని పెంచిన వాళ్లం. నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వసకొమ్ము అరగదీసి నాకించాం. అందరూ రాళ్లలా ఉన్నారు.

చల్లబడిందీ వేడెక్కిందీ అని మాకు థర్మామీటరు అక్కరలేదు. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది.

పాత నర్సమ్మ · మంగళవారం సాయంత్రం 5.25

వదినా, నేనూ నాయనమ్మనే. మీ చేతి మీద నాకు నమ్మకం ఉంది, పైన ఆ అమ్మాయికి నేను చెప్పింది కూడా చేత్తో తాకి చూడమనే. బిడ్డ రోజంతా మీ ఒళ్లోనే ఉంటాడు, ఆశా అరగంట ఉండి పోతుంది. రాత్రి రెండు గంటలకు బిడ్డ పాలు మానేస్తే మొదట తెలిసేది మీకే. అందుకే మీలాంటి పెద్దవాళ్లతో తగువు పెట్టుకోకూడదనే నా మాట.

కానీ కొన్ని చెప్పక తప్పదు. నీళ్లు పోయడం బొడ్డు ఊడేదాకా ఆపండి. తక్కువ బరువుతో పుట్టినవాడికి ఒళ్లు చల్లబడటానికి ఆ స్నానం ఒక ముఖ్య కారణం. సాంబ్రాణి పొగ మూసిన గదిలో ఊపిరితిత్తులకు మంచిది కాదు. వసకొమ్ము, తేనె, పంచదార నీళ్లు, ఏవీ నాలుకకు తగలకూడదు. ముర్రుపాలు పిండి పారబోయొద్దు. బొడ్డుకు ఆముదం, పసుపు, బూడిద ఏదీ రాయొద్దు, పొడిగా వదిలేయండి.

నాగావళి అమ్మమ్మ · మంగళవారం సాయంత్రం 5.50

వస సంగతి ఆలోచిస్తాను. స్నానం మాత్రం పదకొండో రోజు పురుడు నాడు పోయక తప్పదు.

పాత నర్సమ్మ · మంగళవారం సాయంత్రం 5.58

బిడ్డ రెండున్నర కేజీలు దాటి ఉండి, బొడ్డు ఊడి ఉంటే నిక్షేపంగా పోయండి. గోరువెచ్చని నీళ్లు, తలుపు వేసి, పోసిన వెంటనే తుడిచి తల్లికి ఇవ్వండి. నన్నూ భోజనానికి పిలవండి.

ఉద్దానం కొబ్బరి (కవిటి) · మంగళవారం రాత్రి 8.10

మా వైపు కిడ్నీ జబ్బు ఉన్న గర్భిణుల సంగతి కూడా ఇక్కడ మాట్లాడాలి. బరువు తక్కువ పిల్లలు ఎక్కువగా…

నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 8.20

ఉద్దానం గారూ, అది చాలా పెద్ద విషయం, దీనిలో కలిపితే రెండూ చెడతాయి. విడిగా చర్చ ప్రారంభించండి, పైన కనిపించేలా ఉంచుతాను.

గార తీరం · మంగళవారం రాత్రి 9.35

నేను ఆరోగ్య శాఖ మనిషిని కాదు, వేట మనిషిని. మా ఊళ్లో మగవాళ్లలో సగం మంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వెరావల్‌లో బోట్ల మీద ఉంటారు. నా బిడ్డ పుట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఐదో రోజు ఆశా అక్క వచ్చి చూసి ఆసుపత్రికి తీసుకెళ్లమందట. మా అమ్మ "వాడిని అడగందే ఎలా" అంది. బోటు సముద్రంలో ఉంటే ఫోను పనిచేయదు. అక్క మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి, ఊరి పెద్దతో చెప్పించి తీసుకెళ్లింది. పాప ఆసుపత్రిలో వెచ్చగా ఉంచే పెట్టెలో తొమ్మిది రోజులు ఉంది. ఇప్పుడు బడికి పోతోంది.

చిహ్నాలు తెలుసుకోవడం గురించి అందరూ రాస్తున్నారు. మా ఇంట్లో తెలియక ఆలస్యం కాలేదు. తెలిశాక ఎవరు "సరే" అనాలో తేలక ఒక రాత్రి పోయింది.

వంశధార వాణి · మంగళవారం రాత్రి 9.50

తమ్ముడూ, నువ్వు చెప్పింది మాకు రోజూ ఉండేదే. మీ ఆశా అక్క మర్నాడు మళ్లీ వెళ్లడమే గొప్ప సంగతి.

నేను ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎనిమిదో నెలలో గర్భిణి ఇంటికి వెళ్లినప్పుడే భర్తకు వీడియో కాల్ చేయించి, అత్తగారు పక్కన ఉండగా అడుగుతాను: "బాబూ, నువ్వు దొరకని సమయంలో బిడ్డకు బాగోలేకపోతే, తీసుకెళ్లే మాట మీ అమ్మ చెప్పవచ్చా?" అతను సరే అంటాడు. అప్పుడు ఎవరూ కాదనరు, బిడ్డ ఇంకా పుట్టలేదు కదా, భయం ఉండదు. తర్వాత అవసరం పడ్డప్పుడు అత్తగారికి ఆ మాట గుర్తు చేస్తే చాలు.

చంపావతి గట్టు · మంగళవారం రాత్రి 10.02

వాణక్కా, ఇది రేపటి నుంచే మొదలుపెడతాను. ఇంకో చిక్కు ఉంది. మా ఊరి కోడళ్లు తొలి కాన్పుకు పుట్టింటికి పోతారు. పేరు నా పుస్తకంలో ఉంటుంది, బిడ్డ ఎక్కడో చీపురుపల్లి దగ్గరో, రణస్థలం దగ్గరో ఉంటాడు. మా ఊరికి పురిటికి వచ్చిన ఆడపడుచుల పేర్లేమో నా పుస్తకంలో ఉండవు. వాళ్లను ఎవరు చూడాలి?

పాత నర్సమ్మ · మంగళవారం రాత్రి 10.30

అబ్బ, అసలు గాయం మీద వేలు పెట్టావు. మన జిల్లాల్లో తొలిచూలు బిడ్డల్లో ఎంతమందికి మూడో రోజు సందర్శన జరగదో ఎవరైనా కూర్చుని లెక్క తీస్తే తలదించుకోవాల్సి వస్తుంది. అత్తింటి ఊరి ఆశా "పుట్టింట్లో ఉంది కదా, అక్కడివాళ్లు చూస్తారు" అనుకుంటుంది. పుట్టింటి ఊరి ఆశా "నా పుస్తకంలో పేరు లేదు" అంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరి మధ్య బిడ్డ జారిపోతాడు. తొలిచూలు కాబట్టి తల్లికీ ఏమీ తెలియదు. అందరికన్నా ఎక్కువ చూడాల్సిన బిడ్డకు ఎవరూ రారు.

నియమం సంగతి అడిగితే, బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశాదే బాధ్యత. పుస్తకంలో లేకపోతే రాసుకో. దేశమంతటా ఈ సందర్శనల మొత్తానికి కలిపి ఇచ్చేది 250 రూపాయలు, దానికోసం ఇద్దరు ఆశాలు పోట్లాడుకోవడం నేను చూశాను. బిడ్డను చూసినవాళ్లకే ఇవ్వాలి, అంతకు మించి పంచాయితీ అక్కరలేదు. నువ్వు చేయగలిగింది ఏమిటంటే, అమ్మాయి ఏడో నెలలో పుట్టింటికి బయలుదేరే రోజున ఆ ఊరి ఆశా ఫోను నంబరు కనుక్కుని ఒక్క మాట చెప్పు. కాన్పు కాగానే ఆసుపత్రి నుంచే ఇంటివాళ్లు ఆమెకు ఫోను చేయాలని ఇంట్లో గోడ మీద ఆ నంబరు రాసిపెట్టు.

రాజాం సాఫ్ట్‌వేర్ · మంగళవారం రాత్రి 10.41

యాప్ మాట ఇక్కడ పనికొస్తుంది చూడండి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు "ఏ ఊరికి వెళుతున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి నమోదు చేస్తే, ఆ ఊరి ఆశా ఫోనుకు కబురు దానంతటదే పోతుంది.

పాత నర్సమ్మ · మంగళవారం రాత్రి 10.44

ఇదిగో, ఇలాంటివి చెప్పు బాబూ. దీనికి నేనూ చెయ్యెత్తుతాను.

ఎస్.కోట కొండ (గిరిజన గ్రామంలో ఉపాధ్యాయుడు) · బుధవారం ఉదయం 6.15

మీ మాటలన్నీ రోడ్డు, సిగ్నలు ఉన్న ఊళ్లకు. మాది కొండ మీది ఊరు. 108 కొండ కిందే ఆగుతుంది. అక్కడిదాకా డోలీ. వానాకాలంలో ఆ దిగడమే సగం రోజు. ఆశా చిహ్నం గుర్తించింది సరే, ఆ సగం రోజు బిడ్డ ఏమవుతాడు? అక్కడ జబ్బు చేస్తే మొదట గుర్తొచ్చేది వాత. పొట్ట మీద కాల్చిన సూదితో వాతలు పెట్టిన బిడ్డను నా కళ్లతో చూశాను.

పిల్లల వైద్యుడు (విజయనగరం) · బుధవారం ఉదయం 8.30

వాత గురించి మొహమాటం లేకుండా చెబుతాను. దానివల్ల ఒక్క జబ్బూ తగ్గదు. కాలిన చర్మం గుండా కొత్త ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది, అప్పటికే ఓడిపోతున్న బిడ్డను అది ముంచేస్తుంది. వాత పెట్టిన బిడ్డను తెచ్చిన తల్లిని మాత్రం తిట్టకండి, తిడితే రెండోసారి ఎవరూ తీసుకురారు.

దారి దూరమైన చోట్ల చేయాల్సినవి ఉన్నాయి. మొదటిది మందు. ఆసుపత్రికి వెళ్లడం కుదరని చోట, లేదా బయలుదేరే ముందు మొదటి మోతాదుగా, ఏఎన్ఎం జెంటామైసిన్ ఇంజెక్షన్, నోటి ద్వారా అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బరువును బట్టి మోతాదు పట్టిక ఉంటుంది. కాబట్టి ఆశా చేయాల్సింది కొండ దిగుతూనే ఏఎన్ఎంకు కబురు పంపడం, సిగ్నలు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి. మందు ఉపకేంద్రంలో ఉందో లేదో వానలకు ముందే అడిగి ఉంచుకోండి.

రెండోది వెచ్చదనం. డోలీలో తల్లి గుండెల మీద బిడ్డను బట్టల్లేకుండా, టోపీ మాత్రం పెట్టి, చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా ఆనించి, పైన చీర, దుప్పటి చుట్టాలి. తల్లి నీరసంగా ఉంటే తండ్రి, అమ్మమ్మ ఎవరైనా సరే. తక్కువ బరువు పిల్లలను ఇళ్లలోనే ఇలా ఉంచితే ఏమవుతుందో హరియాణాలో చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో 28 రోజుల లోపు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మూడోది పాలు. బిడ్డ మింగగలిగితే దారిలో పట్టిస్తూనే ఉండాలి, చన్ను పట్టలేకపోతే పిండి చెంచాతో. ఫిట్స్ ఉన్నా, స్పృహ లేకపోయినా నోట్లో ఏమీ పోయకూడదు.

1.8 కేజీల లోపు పుట్టిన బిడ్డను కొండ మీదికి తీసుకెళ్లనివ్వకండి, చిహ్నాలు ఉన్నా లేకపోయినా. ఆ బరువుకు నవజాత శిశు విభాగంలో చేర్చాల్సిందే.

ఎస్.కోట కొండ · బుధవారం ఉదయం 9.05

డోలీలో అలా ఆనించుకోవడం కుదురుతుంది. ఇప్పటిదాకా బిడ్డను విడిగా బుట్టలో పట్టుకుని పక్కన నడిచేవాళ్లు. ఈ ముక్క మా ఊళ్లో చెబుతాను.

బొబ్బిలి వీణ · బుధవారం మధ్యాహ్నం 12.10

కామెర్ల గురించి ఎవరూ రాయలేదు. మా అక్క కొడుకును పొద్దుటి ఎండలో పెట్టమన్నారు. సరిపోతుందా?

పిల్లల వైద్యుడు (విజయనగరం) · బుధవారం మధ్యాహ్నం 2.40

రెండో మూడో రోజు మొదలై, ముఖం, ఛాతీ వరకు పచ్చగా ఉండి, బిడ్డ చక్కగా తాగుతుంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, పచ్చదనంతో పాటు పాలు తగ్గినా వెంటనే తీసుకురావాలి. ఆ పచ్చదనం మెదడుకు చేరితే వచ్చే నష్టాన్ని తర్వాత ఎవరూ సరిచేయలేరు. ఎండ చికిత్స కాదు. ఎండలో పెడుతున్నాం కదా అని రెండు రోజులు ఆగడం వల్లే ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉన్నారు.

చూడటం మాత్రం పగటి వెలుతురులో చూడాలి. చీకటి గదిలో బల్బు కింద పసుపు రంగు తెలియదు. గుమ్మం దగ్గరికి తెచ్చి, నుదుటి మీద, ఛాతీ మీద, అరికాలి మీద వేలితో నొక్కి వదిలి, ఆ క్షణంలో కనిపించే రంగు చూడండి.

చంపావతి గట్టు · బుధవారం రాత్రి 8.55

ఇవాళ ఒక ఇంటికి వెళ్లాను. నర్సమ్మ గారి వరుసలోనే చూశాను. ఊపిరి 48, చంకలో 98.1, తట్టగానే ముఖం చిట్లించి రాగం తీశాడు. నాయనమ్మ నవ్వింది కూడా.

చివరిగా ఒకటి అడుగుతాను. నా థర్మామీటరు అప్పుడప్పుడు అంకెకు బదులు ఏదో ఇంగ్లీషు అక్షరం చూపిస్తోంది. బ్యాటరీ అయిపోయిందా? కొత్తది అడిగితే నిల్వ లేదంటున్నారు.

పాత నర్సమ్మ · బుధవారం రాత్రి 9.20

బ్యాటరీ కోసం నీ చేతి డబ్బు పెట్టకు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి ఏడాదికి పదివేల రూపాయల నిధి ఉంటుంది, ఇలాంటి వాటికే. సర్పంచిని, మీ ఏఎన్ఎంను కలిసి తీర్మానం రాయించు. రెండు కొనిపించు, ఒకటి సంచిలో విడిగా ఉంచుకో.

పిల్లల వైద్యుడు (విజయనగరం) · బుధవారం రాత్రి 9.45

ఆ అక్షరం ఏదో చూసి చెప్పండి. కొలిచే పరిధి కంటే వేడి తక్కువగా ఉన్నప్పుడు కూడా చాలా డిజిటల్ థర్మామీటర్లు అంకె వేయకుండా 'ఎల్' అక్షరం చూపిస్తాయి. ఆ పరిధి సాధారణంగా 32 సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. కాబట్టి బిడ్డ చంకలో ఆ అక్షరం వస్తే బ్యాటరీ అనుకుని సంచిలో పడేయకండి. వెంటనే మీ చంకలో పెట్టి చూడండి. మీకు మామూలు అంకె వస్తే పరికరం బాగున్నట్టు. అప్పుడు కొన సరిగ్గా చర్మానికి తగిలేలా పెట్టి బిడ్డకు మరోసారి చూడండి, పొట్టనూ అరికాలినీ తాకండి. మళ్లీ అదే అక్షరం వచ్చి, పొట్ట కూడా చల్లగా ఉంటే, బిడ్డను తల్లి గుండెలకు కట్టి 108కి ఫోను చేయండి.